నుదుటి పట్టీ

గాయత్రి నుదుటి మీద దద్దుర్లు మొదటిసారి కనపడిన రోజున, అద్దంలో చూసుకుని చెమటకాయలే అనుకుంది. భర్త సత్తిరాజు దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి చూసి, "హెల్మెట్టు నీకు పడలేదేమోనే" అన్నాడు. అత్తగారు మంగాదేవి కోడలి నుదురు వంక ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది నవంబరు నెల. ఆవిడ ఏదైనా చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోవడం ఆ ఇంట్లో పెద్ద విశేషమే. కానీ ఆ వేళ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

వాళ్ళది దెందులూరు పక్కన, హైవేకి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. గాయత్రి అక్కడి హైస్కూల్లో లెక్కల టీచరు. ముప్ఫై ఎనిమిదో ఏట షుగరు వచ్చేలా ఉందని డాక్టరు భయపెడితే గేర్ల సైకిలు కొనుక్కుంది. ముందు స్కూలుకి, తరవాత ఏలూరుకి, ఆ తరవాత ఆదివారాలు ఏలూరు సైకిలు క్లబ్బు వాళ్ళతో కలిసి కొల్లేరు దాకా తొక్కడం మొదలుపెట్టింది. ఊరంటే ఊరే కదా. ఎవరింట్లో ఏం కూరో తెలియకపోతే తోచని జనం. లెక్కల టీచరమ్మ ప్యాంటు వేసుకుని, తలకి బుట్ట బోర్లించుకుని తెల్లారకుండానే హైవే ఎక్కుతుంటే ఊరుకుంటారా? పాల కేంద్రం దగ్గర ఒకాయన నిలబెట్టి మరీ అడిగాడు సత్తిరాజుని.

"ఏమండీ సత్తిరాజుగారూ, మీ ఆవిడకి స్కూటీ కొనిపెట్టలేకపోయారా అండీ?"

"స్కూటీ ఉందండీ. అది నేను వాడుకుంటున్నాను" అన్నాడు సత్తిరాజు.

ఆ జవాబు ఊరంతా తిరిగి గాయత్రి దగ్గరికి వచ్చింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆవిడ ఒక్కతే నవ్వుకుంది. సత్తిరాజు అలాంటి మనిషి. ఎకరాలు ఆరు, దాళ్వా, సార్వా రెండు పంటలూ చేస్తాడు, మాట మెత్తన. ఆదివారం తెల్లారుజామున భార్య కంటే ముందే లేచి రాగి జావ కాచి ఫ్లాస్కులో పోస్తాడు. చక్రాల్లో గాలి చూస్తాడు. దూరం వెళ్ళే రోజైతే మోటారు సైకిలు మీద తాడేపల్లిగూడెం దాకా వెనకాలే వస్తాడు. స్టాఫ్ రూములో టీచర్లందరిదీ ఒకటే పాట. "మీ అదృష్టమే అదృష్టమండీ గాయత్రిగారూ. మా ఆయనైతే వీధి చివరికి వెళ్ళాలన్నా సవాలక్ష అడుగుతారు." గాయత్రి "అవునండీ" అనేది. మాట వరసకి కాదు, మనస్ఫూర్తిగా అనేది. అమ్మ వద్దంది, అన్నయ్య వద్దన్నాడు, హెడ్మాస్టరు కూడా చుట్టూ తిప్పి అదే అన్నాడు. వద్దనని మనిషి లోకంలో ఒక్క సత్తిరాజే.

నిజానికి వద్దనడానికి అతనికి అందరికంటే పెద్ద కారణమే ఉంది. మూడేళ్ళ కిందట అతని అన్న సీతారామాంజనేయులు అదే హైవే మీద మోటారు సైకిలుతో లారీ కింద పడి పోయాడు. ఏలూరు ఆసుపత్రికి వెళ్ళి మనిషిని గుర్తుపట్టి సంతకం పెట్టింది సత్తిరాజే. ఆ తరవాత ఆ విషయం ఇంట్లో ఎత్తలేదు. గాయత్రి సైకిలు కొంటానన్నప్పుడు ఒక్క నిమిషం ఆగి, "ఏ రంగు తీసుకుంటావు?" అని మాత్రం అడిగాడు. ఆ నిమిషం ఎందుకాగాడో గాయత్రికి తెలుసు. అంత దుఃఖం దిగమింగుకుని తనని పంపిస్తున్నాడని ఆవిడకి అతనంటే ఇంకా ఎక్కువ ప్రేమ.

ఇక అసలు సంగతికి వద్దాం. క్లబ్బు వాళ్ళు ఏటా ఫిబ్రవరిలో రెండు వందల కిలోమీటర్ల రైడు పెడతారు. ఏలూరులో పొద్దున్న ఆరింటికి బయల్దేరి, తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం, కైకలూరు చుట్టి, కొల్లేరు దాటుకుని పదమూడున్నర గంటల్లో మళ్ళీ ఏలూరు చేరాలి. కిందటేడు గాయత్రి కైకలూరు దాటి, కొల్లేరు మధ్యలో, ఇంకో ఇరవై ఎనిమిది కిలోమీటర్లుందనగా పిక్కలు పట్టేసి కూలబడింది. చేపల చెరువు గట్టు మీద కూర్చుని ఏడిస్తే, సత్తిరాజు కారు మాట్లాడుకుని వచ్చి, సైకిలుతో సహా ఎక్కించుకున్నాడు. దారిలో "వచ్చే ఏడు కొడతావులే" అన్నాడు. గాయత్రి ఆ మాట పట్టుకుని ఏడాదంతా తొక్కింది. పెళ్ళి కుదిర్చినవాళ్ళూ, ఉద్యోగంలో పెట్టినవాళ్ళూ ఎవరో ఒకరు ఉన్నారు గానీ, పూర్తిగా తనదని చెప్పుకోవడానికి ఆవిడకి ఆ ఇరవై ఎనిమిది కిలోమీటర్లే మిగిలాయి. క్లబ్బు నిబంధన ఒకటుంది. నెత్తిన హెల్మెట్టు లేకపోతే లైను దగ్గరే ఆపేస్తారు, మధ్యలో తీసినా ఇంటికి పంపేస్తారు.

పాతది పగిలిపోయిందని దీపావళికి సత్తిరాజే కొత్త హెల్మెట్టు తెప్పించాడు. తెల్లటిది. లోపల నల్లటి మెత్తని పట్టీలు, నుదుటి దగ్గర వెడల్పాటిది ఒకటి. పెట్టుకున్న రెండో వారానికి దద్దుర్లొచ్చాయి.

మొదట దురద. తరవాత ఎడమ కనుబొమ్మ పైన మూడు చోట్ల నీటి పొక్కులు, చుట్టూ ఎర్రటి పట్టీ అచ్చు. పొక్కులు చితికి రసి కారి, అట్టకట్టి, నల్లబడేవి. నాలుగైదు రోజులు సైకిలు ఎక్కకపోతే తగ్గేది. ఎక్కితే మళ్ళీ మొదలు. గాయత్రి లెక్కల టీచరు కాబట్టి ఒక పద్ధతిగానే పోరాడింది. ఒక వారం తలకి రంగు మానేసింది. ఒక వారం సబ్బు మార్చింది. పట్టీలు ఊడదీసి పిల్లల షాంపూతో ఉతికి ఎండలో ఆరేసింది. నుదుటికీ పట్టీకీ మధ్య చేతిరుమాలు పెడితే చెమటకి తడిసి ఇంకా మండింది. పిల్లలు బ్లాకుబోర్డు చూడటం మానేసి టీచరు నుదురు చూస్తున్నారని బొట్టు పెద్దది పెట్టుకుంటే, ఆ బొట్టు చుట్టూ కూడా దురదే.

రాత్రిళ్ళు సత్తిరాజే మందు రాసేవాడు. వేలి కొసతో, ఊదుతూ, పసిపిల్లకి రాసినట్టు రాసేవాడు.

"మంటగా ఉందా?"

"కొంచెం."

"కొంతమంది ఒంటికి కొన్ని పడవు గాయత్రీ. పడనిదాన్ని బలవంతం చెయ్యకూడదు" అనేవాడు.

వద్దన్న మాట మాత్రం అనేవాడు కాదు.

డిసెంబరులో ఏలూరులో చర్మం డాక్టరు గీతాంజలిగారి దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ భూతద్దం పెట్టి చూసింది. చెమట వల్ల అయితే పట్టీ ఉన్నంత మేరా ఒకేలా ఉండాలి కదా, ఈ మూడు చోట్లే ఇంత లోతుగా ఎందుకుందని అడిగింది.

"నల్లజీడి గానీ తగిలిందా అండీ? పూర్వం బట్టలుతికేవాళ్ళు గుర్తులు పెట్టేవారు చూడండి, ఆ జీడి. దాని రసం ఎండిపోయాక కూడా చర్మాన్ని కాల్చేస్తుంది. ఇది అచ్చం అలాగే ఉంది."

అడిగింది గాయత్రిని. జవాబు సత్తిరాజు చెప్పాడు.

"అబ్బే, లేదండీ. మా ఇంట్లో బట్టలన్నీ మెషీన్లోనే ఉతుకుతామండీ."

"అయితే పట్టీలో వాడిన జిగురో రంగో అయ్యుంటుంది" అని డాక్టరమ్మ క్రీము రాసిచ్చింది. రెండు వారాలు హెల్మెట్టు ముట్టుకోవద్దంది. పాత పట్టీలు పారేసి మెత్తటి నూలువి కొత్తవి వేసుకోమంది. "వాటి సంగతి నేను చూస్తానండీ" అన్నాడు సత్తిరాజు. సంక్రాంతి సెలవులు అయ్యేలోపు పార్శిలు తెప్పించాడు. ఒక సాయంత్రం గాయత్రి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటుంటే హెల్మెట్టు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "వేసేశాను. చూడు, ఎంత మెత్తగా ఉన్నాయో." గాయత్రి నుదుటి పట్టీని వేలితో నొక్కి చూసింది. మెత్తగానే ఉంది. సర్ఫు వాసన కూడా వచ్చింది. కొత్త బట్టకి సర్ఫు వాసన ఎందుకని ఆవిడకి తట్టలేదు. మొగుడి చేతిలోంచి తీసుకున్నదాన్ని ఎవరైనా వాసన చూసి అనుమానిస్తారా?

మూడే మూడు రైడ్లు. నాలుగోసారికి నుదురు పాత కథే, ఇంకా ఘోరంగా. కనురెప్ప వాచి కన్ను సగం మూసుకుపోయింది. గాయత్రికి తన ఒంటి మీద తనకే అసహ్యం పుట్టింది. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించింది, షుగరుని దించింది, గాలికీ ఎండకీ ఎదురు తొక్కింది. చివరికి అరచేతంత చర్మం తనని ఇలా నడిరోడ్డు మీద వదిలేస్తుందా? బాత్రూములో పంపు తిప్పి, చప్పుడు బయటికి వినపడకుండా ఏడ్చింది.

రైడు ఆదివారం. శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, క్లబ్బు పెద్ద శ్రీనివాసరావుగారికి ఈసారి రాలేనని ఫోనులో మెసేజి రాసుకుంది. పంపలేదింకా. పెరట్లో మంగాదేవి చింతపండు గింజలు తీస్తోంది. గాయత్రి ఆవిడ పక్కన పీట వాల్చుకుని కూలబడింది.

"రేపు వెళ్ళట్లేదు అత్తయ్యా. ఇంక సైకిలు మానేస్తాను. నా ఒంటికి పడదు."

మంగాదేవి చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"అదేమిటమ్మా? కొత్త పట్టీలు వేశాడుగా అబ్బాయి. వాటికి నేనేం పెట్టలేదు, నీ మీద ఒట్టు."

"ఏం పెట్టలేదు?"

ముసలావిడకి అబద్ధం చేతకాదు. చెప్పడం మొదలుపెడితే ఆగదు కూడా. దీపావళికి హెల్మెట్టు వచ్చిన మర్నాడు, ఊళ్ళో ప్రతివాళ్ళ కళ్ళూ కోడలి మీదే ఉన్నాయనీ, పెద్దకొడుకుని ఆ రోడ్డే మింగిందనీ, ఆవిడ మనసు నిలవలేదట. కాటుక చుక్క పెడితే చెమటకి పోతుంది. జీడి చుక్క అయితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పెదవేగిలో పుట్టింటి వాళ్ళనడిగి ఒక నల్లజీడి గింజ తెప్పించి, చేతులకి కొబ్బరినూనె పట్టించుకుని, సూది కాల్చి గుచ్చి, నుదుటి పట్టీ మీద ఎడమవైపు మూడు చుక్కలు పెట్టిందట. నలుపు మీద నలుపు, ఎవరికీ కనపడదు కదా అని.

"ఆరిపోయింది కదా, ఏం చెయ్యదనుకున్నానమ్మా. నీకు దద్దుర్లు చూడగానే నా గుండె జారిపోయింది. ఆ రాత్రే అబ్బాయికి చెప్పేశాను. నేనిలా చేశానురా, దాన్ని తీసి పారెయ్, కోడలికి చెప్పి కాళ్ళట్టుకుంటానని. తనకి చెప్పకమ్మా, మనసు కష్టపెట్టుకుంటుంది, నేను చూసుకుంటానన్నాడు. తరవాత మార్చేశానన్నాడు."

"ఏ రాత్రి అత్తయ్యా?"

"మొదటిసారి దద్దుర్లొచ్చిన రాత్రేనమ్మా. నవంబరులో."

గాయత్రి లేచి వరండాలోకి వెళ్ళింది. హెల్మెట్టు మేకు నించి తీసి ఎండలోకి తెచ్చి, నుదుటి పట్టీని చర్రున ఊడబెరికింది. ఎడమవైపు అంచున గోటికి గట్టిగా తగిలాయి. ఒకటి, రెండు, మూడు. ఎండలో పెట్టి వంచి చూస్తే నలుపు మీద గోధుమ రంగు మెరుపు. తన నుదుటి మీద పొక్కులు ఏ వరసలో ఉన్నాయో ఇవీ అదే వరసలో ఉన్నాయి.

నవంబరు. డాక్టరమ్మ అడిగింది డిసెంబరులో. "అబ్బే, లేదండీ." ఎంత మర్యాదగా అన్నాడు. ఎంత తొందరగా అన్నాడు. గాయత్రి పట్టీ చేత్తో పట్టుకునే అరుగు మీద కూర్చుంది. అత్తగారి మీద కోపం రాలేదు. ఆవిడ తెలియక చేసింది, తెలిశాక చెప్పింది. కానీ ఆ వేలు, రాత్రి పూట ఊదుతూ మందు రాసిన ఆ వేలు. అది తలుచుకుంటే ఒళ్ళంతా జీడి పూసినట్టయింది.

సత్తిరాజు నాలుగింటికి పొలం నుంచి వచ్చాడు. దాళ్వా చేలో యూరియా చల్లి వచ్చినట్టున్నాడు, చేతులు తెల్లగా ఉన్నాయి. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ భార్య చేతిలో ఉన్నది చూశాడు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కట్టలేదు.

"పట్టీలు మార్చారా అండీ మీరు?"

సత్తిరాజు వంగి చేతులు కూడా కడుక్కున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

అతను కుళాయి కట్టేసి, మోటారు సైకిలు దగ్గరికి వెళ్ళి, పక్క డబ్బా తాళం తీసి, రెంచీల కింది నుంచి ఒక పార్శిలు కవరు తెచ్చి అరుగు మీద పెట్టాడు. కొత్త పట్టీలు. కవరు సీలు కూడా తియ్యలేదు.

"పాతవే ఉతికి పెట్టాను" అన్నాడు.

"డాక్టరుగారు అడిగిన రోజున మీకు తెలుసు."

"తెలుసు."

"నా నుదురు రసి కారుతుంటే మందు రాస్తూ కూడా తెలుసు."

"తెలుసు గాయత్రీ."

మంగాదేవి పెరటి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సత్తిరాజు అరుగు కింద, నేల మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"అన్నయ్యని గుర్తుపట్టడానికి నేనే వెళ్ళాను. హెల్మెట్టు తలకే ఉంది. విప్పింది నేనే. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు పొద్దున్నే బయల్దేరి వెళ్ళిన ప్రతిసారీ, మళ్ళీ గేటు చప్పుడయ్యేదాకా నాకు నీళ్ళు కూడా దిగవు. అమ్మ వచ్చి జీడి చుక్క పెట్టానని చెప్పగానే, పోనీ, నాలుగు రోజులు దురద పెడితే తనే మానేస్తుందిలే అనిపించింది. తరవాత ఎలా ఆపాలో తెలియలేదు."

గాయత్రికి అతని మీద జాలి కలిగింది. అబద్ధం చెప్పడమెందుకు, నిజంగానే కలిగింది. ఆ హెల్మెట్టు విప్పిన చేతులు ఇవే కదా అని ఒక్క క్షణం దగ్గరికి వెళ్ళబోయింది. కానీ ఒక ప్రశ్న మిగిలి ఉంది.

"వద్దని ఒక్క మాట అనొచ్చుగా అండీ. అంత భయమని చెప్పుంటే మానేసేదాన్ని. ఎవరు చెప్పినా వినలేదు గానీ, మీరు చెబితే ఆ రోజే మానేసేదాన్ని."

"తెలుసు" అన్నాడు సత్తిరాజు. "మానేసేదానివి. కానీ మొగుడు మాన్పించాడని మనసులో ఉండిపోయేది నీకు. ఊళ్ళో వాళ్ళు కూడా, చివరికి వీడూ అందరిలాంటివాడేనని అనుకునేవారు. నీ ఒంటికి పడక నువ్వే మానేస్తే ఎవరి తప్పూ ఉండదు కదా."

దగ్గరికి వెళ్ళబోయిన గాయత్రి అక్కడే ఆగిపోయింది. ఇదన్నమాట. భయపడటం తప్పు కాదు. ఆ భయం చెప్పుకోలేకపోవడం కూడా ఆవిడ క్షమించగలిగేదే. కానీ ఈ మనిషికి భార్య ఇంట్లో ఉండటమూ కావాలి, ఊళ్ళో మంచి మొగుడన్న పేరూ కావాలి. ఆ పేరు నిలబెట్టుకోవడానికి మూడు నెలలు ఆవిడ నుదురు కాలుతూ ఉంది. ఆవిడ తన చర్మాన్ని తనే తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని ఊదాడు. ఈ మూడు నెలల్లో స్టాఫ్ రూములో ఎన్నిసార్లు అందో, "అవునండీ, నా అదృష్టం" అని. అన్నిసార్లూ ఇతనికి నిజం తెలుసు.

"నన్ను మోసం చేశారండీ మీరు" అంది. గొంతు పెంచలేదు. "ఎవరు చేసినా తట్టుకునేదాన్ని."

కవరు చింపి కొత్త పట్టీలు తీసింది. పాతవన్నీ ఊడదీసి, హెల్మెట్టు లోపల తడిబట్టతో మూడుసార్లు తుడిచి, కొత్తవి తనే అమర్చుకుంది. మంగాదేవి లోపలికి వెళ్ళి, బాగా నలిగిన పాత నేత చీర ఒకటి తెచ్చి, మెత్తటి ముక్క చింపి, నాలుగు మడతలు వేసి ఇచ్చింది. "నా చేతులు పడిపోను" అంటూ ఏడ్చింది. గాయత్రి ఆవిడ చేతులు పట్టుకుంది. ఫోనులో రాసుకున్న మెసేజి తుడిపేసింది.

మర్నాడు తెల్లారుజామున నాలుగున్నరకి సత్తిరాజు ఎప్పటిలాగే జావ కాచాడు. ఫ్లాస్కు తెచ్చి అరుగు మీద పెట్టి, పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. గాయత్రి మజ్జిగ సీసాలు రెండు పట్టుకుని, మంగాదేవికి చెప్పి, గేటు తీసుకుని వెళ్ళిపోయింది. ఫ్లాస్కు అరుగు మీదే ఉండిపోయింది. వెనకాల మోటారు సైకిలు చప్పుడు రాలేదు.

ఏలూరులో లైను దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. శ్రీనివాసరావుగారు బల్ల వేసుకుని అందరి చేతా కాగితాలు నింపిస్తున్నారు. ఆయన గాయత్రి నుదుటి మీది గుడ్డ చూసి, "ఏమండీ, తొక్కగలరా?" అన్నారు. "తొక్కుతానండీ" అంది. కాగితం చివర ఒక గడి ఉంది. అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి, పేరు, నంబరు. కిందటేడు ఆ గడి ఆలోచించకుండా నింపింది. ఇప్పుడు పెన్ను ఆగిపోయింది. వెనకాల వరసలో ఉన్నాయన దగ్గాడు.

"తొందరేం లేదండీ" అన్నారు శ్రీనివాసరావుగారు. "ఈసారి కొత్త పద్ధతి పెట్టాం. మీరు దారిలో ఒక్కో ఊళ్ళో కార్డు మీద ముద్ర వేయించుకోగానే ఆ నంబరుకి మెసేజి వెళుతుంది, క్షేమంగా చేరారని. అందుకని ఎదురుచూసేవాళ్ళ నంబరే రాయండి."

గాయత్రి మంగాదేవి అని రాసింది. నంబరు వేసింది. వరస అన్నచోట అత్తగారు అని రాసింది.

తాడేపల్లిగూడెం దాకా మంచు. హైవే మీద లారీలు పక్కనుంచి పోతుంటే ఎప్పుడూ లేనిది సీతారామాంజనేయులు బావగారు గుర్తొచ్చారు. ఆయన హెల్మెట్టు విప్పిన చేతులూ గుర్తొచ్చాయి. తణుకు దాటేసరికి ఎండెక్కింది. చెమట చీర ముక్కని తడిపి పచ్చి చర్మం మీదికి దిగింది. భగభగ మండింది. భీమవరంలో ఎవరో అమ్మాయి ఐసు ముక్క ఇస్తే గుడ్డ మీంచి అద్దుకుంది. దురద మాత్రం లేదు. మూడు నెలల్లో మొదటిసారి, మంట ఉంది గానీ దురద లేదు. అది తెలిసినప్పుడు సంతోషం రావాలి. రాకపోగా, అంటే ఇంత తేలికా, ఒక పట్టీ మారిస్తే పోయేదా ఇదంతా అని కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఉండి ఊరు దాకా తొక్కింది.

కైకలూరు దాటి కొల్లేరులోకి దిగేటప్పటికి అయిదు దాటింది. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు, మేత వాసన, ఐసు లారీలు కార్చిన తడి. కిందటేడు కూర్చుని ఏడ్చిన గట్టు వచ్చింది. పిక్కలు లాగుతున్నాయి. ఆ గట్టు మీద ఎవరైనా కారు పెట్టుకుని తన కోసం నిలబడి ఉంటారేమోనని చూపు దానంతట అదే అటు వెళ్ళింది. ఎవరూ లేరు. ఆగలేదు.

ఏడూ అయిదుకి ఏలూరు లైను దాటింది. పదమూడు గంటల అయిదు నిమిషాలు. శ్రీనివాసరావుగారు చివరి ముద్ర వేసి, మెడలో పతకం వేసి, చప్పట్లు కొట్టించారు. ఎవరో ఫోటో తీశారు. గాయత్రి ఫుట్‌పాత్ మీద కూర్చుని హెల్మెట్టు విప్పి, గుడ్డ మెల్లగా ఊడదీసింది. గాలి తగిలింది.

ఫోను మోగింది. ఇంటి నుంచే.

"చేరిపోయావటగా తల్లీ" అంది మంగాదేవి. "పొద్దున్నించీ నా ఫోను టింగుటింగుమంటూనే ఉంది. నాకు చదవడం రాదుగా, ప్రతిసారీ అబ్బాయికి ఇచ్చాను. గూడెం చేరింది అని చదివాడు. తణుకు చేరింది అని చదివాడు. పొలం కూడా వెళ్ళలేదమ్మా, ఆ ఫోను దగ్గరే కూర్చున్నాడు. అన్నం తినలేదు. ఇప్పుడు ఆఖరిది చదివి ఏడుస్తున్నాడు."

గాయత్రి వింటోంది. ఆవిడ కళ్ళలోంచి కూడా నీళ్ళు కారి నుదుటి మంటతో కలిసిపోయాయి.

"ఇక్కడే ఉన్నాడు" అంది మంగాదేవి. "ఇవ్వనా?"

ఫోను చేతులు మారుతున్న చప్పుడు వినపడింది. అవతల ఎవరో ఊపిరి పీల్చుకుని మాట కోసం వెతుక్కుంటున్నారు. ఆ ఊపిరి గాయత్రికి పదిహేనేళ్ళుగా తెలుసు.

"వద్దత్తయ్యా" అంది.